మోకాళ్లు ఆగినచోట

సిబా, పాంతెల్లెరీయా
సెప్టెంబర్ 14

ఎర్సీలియాకు,

ఫోను చెయ్యొచ్చు కదా అత్తా అంటావు. నలభై ఏళ్లు ఈ ద్వీపానికి వచ్చేపోయే ఉత్తరాలన్నిటికీ ముద్ర కొట్టినదాన్ని, తీరా నా మాట దగ్గరికి వచ్చేసరికి ఫోనెందుకు? పైగా నా ఎడమ చెవి పోయింది. కుడి చెవిలో గాలి తప్ప ఇంకేమీ వినబడదు.

ఎండుద్రాక్ష ఇంట్లోకి చేరింది. ఈసారి ఆఫ్రికా గాలి ఇసుక తెచ్చి పోయకముందే ఎత్తేశాం. జెర్లాండో తన పళ్లేలు రెండు రోజులు ఆలస్యంగా ఎత్తాడు. ఇప్పుడు వాడి ద్రాక్ష నమిలితే పళ్లు కరకరలాడుతున్నాయి. పక్క తోటవాడు కనుక చెప్పకూడదు గానీ, చెప్పాను.

అసలు సంగతి ఇది. జాతీయ పార్కు వాళ్లు కొత్త పటం తయారు చేయించి పురపాలక కార్యాలయం వసారాలో గోడకు పెట్టారు. అందరం వెళ్లి చూశాం. మన పైతోట ఉంది కదా, పెద్దకొండకు తూర్పున, మీ తాత ఏడు మెట్లమళ్లుగా కట్టి నలభై ఒక్క ఆలివ్ మొక్కలు పెట్టింది, దానికి పచ్చరంగు వేసేశారు. పచ్చరంగు అంటే ఏమిటని కింద రాసి ఉంది. "సహజమైన పొద అడవి." అందులో కొమ్మ కొయ్యకూడదు, వేరు తియ్యకూడదు, నిప్పు పెట్టకూడదు.

అక్కడ కూర్చున్న పిల్లను అడిగాను.

"ఇవి ఆలివ్ చెట్లమ్మా."

"పటంలో పొదలని ఉంది, అమ్మగారూ."

"పటానికి కళ్లు లేవా?"

"విమానంలోంచి తీసిన ఫోటోలు చూసి గీశారండి."

"విమానం దిగి చూడలేదా?"

నవ్వింది. మంచి పిల్లే.

కొమ్మ కొయ్యకపోతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. ఒక్క ఏడాది వదిలేస్తే మన ఆలివ్‌లు తలెత్తుతాయి. తలెత్తినదాన్ని వాయవ్యపు గాలి వేరు దాకా చీల్చేస్తుంది. డిసెంబర్ పదిహేనులోగా అభ్యంతరం రాసివ్వాలట. మొక్కల సంగతి తెలిసినవాళ్ల సంతకం కూడా కావాలట. మీ నాన్న నిన్ను మొక్కల చదువుకు పంపుతానన్నప్పుడు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు నవ్వడం లేదు. ఆ పటం గీసిన గాడిద ఎవరో కనుక్కో.

ఇంకొకటి. పటం పక్కన ద్వీపం గురించి నాలుగు కాగితాలు అంటించారు. "ఇక్కడ గాలి తరచుగా వీచును" అని ఉంది. చదివి జెర్లాండో టోపీ పట్టుకుని మరీ నవ్వాడు.

అత్త,
ఫోర్తునాతా


పియాచెంజా
సెప్టెంబర్ 27

అత్తకు,

నీ ఉత్తరం చేరేసరికి ఇక్కడ పొగమంచు దిగడం మొదలైంది. ఇది మన పెద్దకొండ మీద కూర్చునే మంచులాంటిది కాదు. అక్కడ మంచు వస్తే పైన్ ఆకుల చివర నీళ్లు కారతాయి, కింద నేల తడుస్తుంది. ఇక్కడి మంచు దేనికీ పనికిరాదు, ఊరికే పొలాల మీద పడుకుంటుంది.

ఆ పటం మా సంస్థ నుంచే వెళ్లింది. ముగ్గురం పంచుకుని గీశాం. పైతోట ఎవరి వంతులో పడిందో చూసి చెబుతాను. ఒక మాట మాత్రం అనిపిస్తోంది. ఎవరు గీసినా కావాలని గీసి ఉండరు. అంత ఎత్తు నుంచి చూస్తే ముదురాకుపచ్చ మచ్చలే కనబడతాయి. ఆ మచ్చ జిగురుపొదో, మర్టిల్ పొదో, ఎరీకానో, నీడల్ని బట్టి, ఆకుల బరకను బట్టి ఊహించుకోవాలి. నీడ పొడుగ్గా ఉంటే చెట్టు, లేకపోతే పొద. మాకు నేర్పింది అదే.

అభ్యంతరం రాయాలంటే కొన్ని వివరాలు కావాలి. పైతోటలో ఏటా కొమ్మలు కత్తిరిస్తున్నావా? ఏడు మళ్లలోనూనా? చివరిసారి ఎప్పుడు? నీ వాన పుస్తకంలోంచి గత అయిదేళ్ల లెక్క కూడా పంపగలవా?

అడగడం తప్పనుకోకు. కాగితం మీద పెట్టేది ఏదైనా ఒకటికి రెండుసార్లు చూసుకోవడం నాకు అలవాటు. చూసుకున్నాక కూడా అనుమానమే, అది వేరే సంగతి.

నీ మేనకోడలు,
ఎర్సీలియా


సిబా
అక్టోబర్ 9

ఎర్సీలియాకు,

ఏటా కత్తిరిస్తున్నావా అని అడిగావు. ఇదే మాట ఊళ్లో ఇంకెవరైనా అని ఉంటే వాళ్ల గుమ్మం తొక్కేదాన్ని కాదు. నీకు మరిచిపోయే వయసు వచ్చిందేమో, మళ్లీ చెబుతాను.

ఆలివ్ ఇక్కడ నిలబడదు. దాన్ని మొదటి ఏడు నుంచే నేల మీద పడుకోబెట్టాలి. పైకి లేచే కొమ్మ ప్రతిదీ కొయ్యాలి. పక్కకు పోయే కొమ్మకు నల్లరాయి కట్టి కిందికి దించాలి. నూరేళ్ల చెట్టయినా నీ నడుము దాటకూడదు. అందుకని ఆ పని నిలబడి చేసేది కాదు, వంగి చేసేది కూడా కాదు. రెండు మోకాళ్ల కిందా గోనెసంచి వేసుకుని, చెట్టు చుట్టూ పాక్కుంటూ చెయ్యాలి. ఫిబ్రవరి వస్తే సిబాలో ఆడవాళ్లందరి మోకాళ్లూ ఒకే రంగు.

నలభై ఒక్క చెట్లూ ఏటా కత్తిరిస్తున్నాను. రాసుకో.

వాన లెక్క అడిగావు. నా దగ్గర మిల్లీమీటర్లు లేవు. ఇంటి గుమ్మటం కప్పు మీద పడిన నీరు నేలతొట్టిలోకి దిగుతుంది, తొట్టిలో ముడులు వేసిన కర్ర దిగుతుంది. పోయిన ఏడు తొమ్మిదో ముడి. అంతకుముందు పదకొండు. అంతకుముందు ఆరు, ఆ ఏడు జెర్లాండో మేకల కోసం పాతకాలం వాళ్లలా కొండ మీద ఆవిరి వచ్చే బిలం నోట పొదల మోపులు కప్పి, చెమ్మను చుక్కలు చుక్కలుగా పట్టుకున్నాడు. మిగతా రెండేళ్లూ ఎనిమిదేసి.

నువ్వు అడిగిన తీరు చూస్తే ఒకటి అనిపిస్తోంది. నీకు చిన్నప్పటి నుంచీ అడవి మొక్కంటే జాలి. తోట పాడైపోయి పొదలు లేస్తే లోపల్లోపల సంతోషిస్తావేమో. కాదంటే కాదని రాయి.

ఆ గాడిద పేరు దొరికిందా? దొరికితే చిరునామా పంపు. ఉప్పు వెయ్యని కేపర్ మొగ్గలు ఒక సీసా నిండా పంపిస్తాను. ఉప్పులో ఊరని కేపర్ ఎంత చేదో విమానంలో తిరిగేవాళ్లకు తెలియాలి.

ఫోర్తునాతా


పియాచెంజా
అక్టోబర్ 28

అత్తకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఇది అయిదోది, ఇక దీన్నే పంపుతాను.

పైతోటను పచ్చగా గీసింది నేనే. పెద్దకొండ తూర్పు వాలు మొత్తం నా వంతు. పోయిన నెల నీకు రాసేటప్పుడే నాకు తెలుసు. చూసి చెబుతానన్నాను, చూడాల్సిందేమీ లేదు. ఆ కాగితాలు రాసింది కూడా నేనే. "తరచుగా వీచును" నా వాక్యమే.

ఎలా జరిగిందని అడుగుతావు. మార్చిలో ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ వాలంతా గీశాను. తెర మీద పొట్టి మచ్చలు, నీడ లేదు. చుట్టూ ఉన్న జిగురుపొదలూ అలాగే ఉన్నాయి. ఒక్క గీతలో అన్నిటినీ చుట్టేశాను. నీడ లేని చెట్టు ఉంటుందని ఈ దేశంలో ఇంకెవరికీ తెలియకపోవచ్చు, నాకు తెలియాలి. తొమ్మిదేళ్లప్పుడు నువ్వు కొమ్మకు రాయి కడుతుంటే ఆ తాడు కొస పట్టుకున్నది నేనే. ఆ తాడు నా చేతికి గుర్తుంది. కంటికి గుర్తు రాలేదు.

పొదలంటే జాలి అన్నావు. లేదని రాయమన్నావు. పూర్తిగా లేదని రాయలేను. కానీ దీనికీ దానికీ సంబంధం లేదు. ఇది జాలితో చేసింది కాదు, అజాగ్రత్తతో చేసింది.

ఇంకొకటి ఉంది, అడగక తప్పదు. నీ ఉత్తరం వచ్చాక పాత ఫోటోలు కూడా తీసి చూశాను. కింది నాలుగు మళ్లలో చెట్ల మధ్య ఎర్రమట్టి కనబడుతోంది, ప్రతి ఏడాదీ. పై మూడు మళ్లలో గత మూడేళ్లుగా కనబడటం లేదు. అక్కడ కొత్త ఆకు దట్టంగా ఉంది. నేను పొరబడి ఉండొచ్చు, ఇప్పటికే ఒకసారి పొరబడ్డాను. అత్తా, పై మూడు మళ్లకు చివరిసారి ఎప్పుడు వెళ్లావు?

ఎర్సీలియా


సిబా
నవంబర్ 3

ఎర్సీలియాకు,

పది రోజులుగా త్రాపాని నుంచి ఓడ లేదు. రేవులో అలలు గోడ దాటుతున్నాయి. కొట్లలో పాలు లేవు, ఉత్తరాలు లేవు. ఉన్నవాళ్లం ఉన్నదే తింటున్నాం.

నీ దగ్గర నుంచి జవాబు రాలేదంటే ఓడ లేక రాలేదో, నువ్వు రాయకనో తెలియదు. జెర్లాండో అంటాడు, "చదువుకున్నవాళ్లు సంతకం పెట్టేముందు కలం మూత ఎక్కడుందో వెతుకుతారు" అని. "నా మేనకోడలు అలాంటిది కాదు" అన్నాను. "అయితే మరీ మంచిది" అన్నాడు. వాడు అలా ఒప్పేసుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆగలేక నిన్న కార్యాలయానికి వెళ్లి ఆ పిల్లతో చెప్పేశాను. నా మేనకోడలు మొక్కల శాస్త్రం చదివింది, నలభై ఒక్క చెట్లూ సాగులోనే ఉన్నాయని సంతకం పెడుతుంది అని. ఆ పిల్ల రాసుకుంది. నీ పేరు రెండుసార్లు అడిగి, ఏదో కాగితం తీసి చూసి, నా మొహం వంక చూసింది. ఎందుకు చూసిందో తెలియలేదు.

కాయలు ఏరడం అయింది. గాలికి రాలినవే ఎక్కువ.

ఫోర్తునాతా


సిబా
నవంబర్ 12

ఎర్సీలియాకు,

ఓడ వచ్చింది. నీ ఉత్తరం వచ్చింది.

చిరునామా దొరికింది కనుక సీసా పంపుతున్నాను. ఉప్పు వెయ్యలేదు.

ఫోర్తునాతా


పియాచెంజా
నవంబర్ 21

అత్తకు,

సీసా చేరింది. మూడు మొగ్గలు తిన్నాను. మొదటిది నోట్లో పెట్టుకున్నప్పుడు, ఒక్కటి చాలు అనుకున్నాను. తర్వాత మిగతా రెండూ కూడా తినాలనిపించింది. చేదు సాయంత్రం దాకా పోలేదు.

జరిగింది ఇది. మా సంస్థకూ పార్కుకూ నా పొరపాటును నా పేరుతోనే రాసిచ్చాను. మా పై అధికారి చదివి, "ఒక తోట కోసం మొత్తం తూర్పు వాలు మీద అనుమానం తెస్తున్నావు" అన్నాడు. అది నిజమే. నాకూ ఇప్పుడు మొత్తం వాలు మీద అనుమానమే. సిబాలో ఇంకెన్ని తోటలు అలా చుట్టేశానో. అన్నీ నడిచి చూడాలన్నాను. "నీ సెలవుల్లో నడువు" అన్నాడు. వచ్చే ఏడాది పని నాకు ఇస్తాడో లేదో తెలియదు.

పార్కు నుంచి ఒక అధికారి డిసెంబర్ నాలుగున పైతోటకు వస్తున్నాడు. నేనూ రావాలి. నువ్వు వద్దంటే రేవులో దిగి, తోట చూసుకుని, అదే ఓడ ఎక్కి వెళ్లిపోతాను.

సంతకం సంగతి. నలభై ఒకటికి పెట్టలేను, అత్తా. ఒకసారి చూడకుండా తప్పు గీశాను. ఈసారి చూశాను కదా, చూసి కూడా తప్పు గియ్యడం నా వల్ల కాదు. నీకు కోపం వస్తే రానీ.

ఎర్సీలియా


సిబా
నవంబర్ 27

ఎర్సీలియాకు,

రేవులో దిగి అటు నుంచే పోతానంటావేమిటి. పక్క ఉతికి ఆరేశాను. గాలికి రెండు దుప్పట్లూ జెర్లాండో కేపర్ మడిలో పడ్డాయి. తెచ్చిస్తూ, "మేనకోడలు వస్తోందా, యుద్ధం వస్తోందా" అని అడిగాడు. రెండూ ఒకే ఓడలో అన్నాను.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు.

పై మూడు మళ్లకు వెళ్లి మూడేళ్లు దాటింది. నాలుగో మడి నుంచి పైకి ఎక్కాలంటే రాతికట్టలోంచి పొడుచుకొచ్చిన మెట్టురాళ్లే దారి. మీ తాత కాళ్లకు తగినట్టు పెట్టుకున్నాడు, ఒక్కోటి నా తొడంత ఎత్తు. కుడి మోకాలు ఆ పని మానేసింది. కింద ఇరవై ఎనిమిది చెట్లు పాక్కుంటూ చేస్తాను, పాకడానికి ఎలాగో ఒప్పుకుంటుంది. ఎక్కడానికి ఒప్పుకోదు. మొదటి ఏడు వచ్చే ఏడు వెళదాం అనుకున్నాను. రెండో ఏడు ఎవరైనా అడిగితే వెళ్లానన్నాను. మూడో ఏడు అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాను. జెర్లాండోకు తెలుసు. వాడు నా అబద్ధాన్ని మూడేళ్లుగా మర్యాదగా వింటున్నాడు.

ఎవరినైనా కూలికి పెట్టొచ్చు కదా అంటావు. పెట్టాను, ఒకసారి. ప్రధాన భూభాగం నుంచి వచ్చినవాడు, మంచి పనివాడు. నిలబడి కత్తిరించాడు. రెండు చెట్లను పాడుచేశాక పంపేశాను.

నిన్ను గాడిద అన్నాను, ఇంకా చాలా అన్నాను, అవి కాగితం మీద లేవు. సగం పటం కరెక్టే గీశావని తెలిసి కూడా అన్నాను. అందుకే ఎక్కువ అన్నానేమో.

ఆ అధికారి ముందు మనం పోట్లాడుకోవద్దు. గీత నా మోకాళ్లు ఆగినచోట గీయి. పదమూడు చెట్లు మీ తాతవి, నా కళ్ల ముందు పెట్టినవి. అయినా సరే, గీయి.

వచ్చేటప్పుడు మంచి రంపం బ్లేడు ఒకటి తీసుకురా. ఇక్కడివి తుప్పు పట్టాయి.

అత్త


పియాచెంజా
డిసెంబర్ 17

అత్తకు,

నిర్ణయం వచ్చింది. కింది నాలుగు మళ్లూ ఆలివ్ తోటగా మారాయి, ఇరవై ఎనిమిది చెట్లు. కొమ్మ కొయ్యొచ్చు, రాయి కట్టొచ్చు. పై మూడు మళ్లూ పచ్చగానే ఉన్నాయి. కాగితం నీకూ వస్తుంది.

నువ్వు నాలుగో మడి కట్ట మీద కూర్చుని ఆ అధికారికి ఎండుద్రాక్ష పెడుతున్నప్పుడు పైకి వెళ్లాం కదా. దిగి వచ్చాక నువ్వు ఏమీ అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

అయిదో మడిలో జిగురుపొద, రోజ్‌మేరీ ఆలివ్‌ల మీదికి ఎక్కేశాయి. ఆరో మడిలో ఎరీకా నా తల దాటింది. ఒక ఓక్ మొక్క కూడా చూశాను, అరచేయంత, కట్ట రాళ్ల మధ్యలో. ఆలివ్‌లలో నాలుగు చీలిపోయాయి. మిగతావి బతికే ఉన్నాయి, ఏ కొమ్మ ఏ చెట్టుదో తెలియనంతగా కలిసిపోయాయి. ఏడో మడి మూలలో, గాలికి కట్ట కొంచెం అడ్డు ఉన్నచోట, ఒకటి లేచి నిలబడింది. అధికారి కొలబద్ద పెట్టాడు. మీటరున్నర. అతను సిసిలీవాడు, అతనికి అది మామూలు ఆలివ్ మొక్క. నాకు కాదు. మన ద్వీపంలో నిలబడ్డ ఆలివ్‌ను నేను అంతకుముందు చూసిన గుర్తు లేదు.

అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. నలభై ఒకటి అని సంతకం పెట్టేసి ఫిబ్రవరిలో నేనే వచ్చి పైన కత్తిరించి ఉండొచ్చు. ఆ దారి తోచకపోలేదు. కానీ ఒక ఏడు వచ్చేదాన్ని, రెండో ఏడు వస్తానని రాసేదాన్ని, మూడో ఏడు నీలాగే మాట్లాడేదాన్ని. ఇది సరైన పనేనని నా మనసు రోజుకొకసారి ఒప్పుకుంటుంది, రోజుకొకసారి కాదంటుంది.

వచ్చే ఏడాది పని సంగతి ఇంకా తేలలేదు. ఎలాగైనా ఫిబ్రవరిలో పది రోజులు వస్తాను, కింది మళ్లకు. ఆ నాలుగు కాగితాల్లో వాక్యం మార్చాను. "ఇక్కడ గాలి ఉంటుంది, అప్పుడప్పుడు ఆగును" అని పంపాను. దాన్నెవరూ కొట్టెయ్యలేదు.

ఎర్సీలియా


సిబా
మార్చి 8

ఎర్సీలియాకు,

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నువ్వు కత్తిరించినవాటిలో మూడింటికి కొమ్మ ఎక్కువ కోశావు, ఏమీ అనను, చిగురిస్తాయి. జెర్లాండో నీ వరస చూసి, "పర్వాలేదు, నేల మీద పాకే పట్టభద్రురాలు" అన్నాడు. అది వాడి నోట మెప్పే.

నువ్వు ఓడెక్కిన మర్నాడే గాలి లేచింది. అయిదు రోజులు. ఆకుల మీద ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. ఆరో రోజు ఆగింది, నీ కాగితంలో ఉన్నట్టే. గాలి తర్వాత సముద్రం అవతలి ట్యునీషియా కొండలు చేత్తో తుడవొచ్చన్నంత దగ్గరగా కనబడ్డాయి. తొట్టిలో కర్ర పదో ముడి.

ఆ రోజు పైకి వెళ్లాను. ఒక్కదాన్నే కాదు. జెర్లాండో వెనక నుంచి తోశాడు. "నాకు డెబ్భై ఆరు" అని మొత్తుకున్నాడు. "నీ వయసు ఎవరడిగారు, తొయ్యి" అన్నాను. ఒక్కో మెట్టురాయి దగ్గర కూర్చున్నాం. మధ్యాహ్నం అయింది.

నిలబడిందన్నావు కదా, అది నిలబడే ఉంది. గాలి వైపు సగం ఆకు మాడిపోయి ఎర్రగా ఉంది. మాను ఆగ్నేయానికి ఒరిగింది. విరగలేదు. పక్కన నిలబడి చూశాను, నా చెవి దాకా వచ్చింది. ఇన్నేళ్లూ మా ఇంటివాళ్లం దాన్ని లేవొద్దని చెబుతూనే ఉన్నాం.

నువ్వు ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతాను. వెళ్లేటప్పుడు గౌను జేబులో తాడు పెట్టుకున్నాను. నల్లరాయి జెర్లాండో సంచిలో పెట్టి మోయించాను. ఎందుకని వాడు అడగలేదు, కట్టకూడదని వాడికీ తెలుసు.

దిగేటప్పుడు కూడా ఆ రాయిని వాడే మోశాడు.

అత్త,
ఫోర్తునాతా